పిక్రిక్ యాసిడ్ నుంచి పలాస దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అన్నది ఊరి మాట అయిపోయి చాలా కాలమైంది. రక్తపరీక్షలో ఆ అంకె ఎంత పెరిగితే కిడ్నీలు అంత తక్కువగా పనిచేస్తున్నట్టు లెక్క. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనికెళ్ళేవాళ్ళు బీపీ, సుగర్ అంకెలు చెప్పుకున్నంత మామూలుగా ఈ అంకె కూడా చెప్పుకుంటారు. "ఏటి, నీదెంతొచ్చింది?" అంటే "రెండు దాటింది" అన్న జవాబు వస్తుంది. రెండు దాటిందంటే ఇంట్లో ఏం మారుతుందో, ఐదు దాటితే ఎవరి పెళ్ళి వాయిదా పడుతుందో, పది దగ్గరికొస్తే ఏ పొలం అమ్మకానికి వస్తుందో వినేవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. శాస్త్రీయంగా జరిగిన సర్వేల్లో ఇక్కడి పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. సుగర్ వల్ల వచ్చింది కాదు, ఎక్కువమందిలో బీపీ వల్ల మొదలైందీ కాదు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు.

ఇంతమంది బతుకు ఒక అంకె మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ అంకె ఎంత గట్టిదో చూడాలి. యూనివర్సిటీలో జరిగిన పరిశోధన ఆసుపత్రికి ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్నకు శ్రీకాకుళం జిల్లాలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

డాక్టరు గదిలోకి వచ్చే ప్రతి కిడ్నీ రోగి చేతిలోనూ ఒక పాలిథిన్ సంచి ఉంటుంది. మడతల దగ్గర చిరిగిన రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ము, మందుల చీటీలు, రేషన్ కార్డు జిరాక్సు, అన్నీ అందులోనే. లెక్క కోసం అలాంటి సంచి ఒకటి తెరిచామనుకుందాం. మనిషి వయసు 45, మగవాడు. నెల రోజుల తేడాలో రెండు చోట్ల చేయించుకున్న రెండు రిపోర్టులు ఉన్నాయి. ఒకదాంట్లో క్రియాటినిన్ 1.2, ఇంకోదాంట్లో 1.5. చూడటానికి తేడా 0.3 మాత్రమే. కానీ కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ సూత్రంలో, అంటే 2021లో సవరించిన సీకేడీ-ఈపీఐ సూత్రంలో, ఈ రెండంకెలూ వేసి చూస్తే మొదటిదానికి 76, రెండోదానికి 58 వస్తుంది. అరవైకి దిగువన మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని లెక్క. ఒక కాగితం ప్రకారం ఆ మనిషికి జబ్బు లేదు, రెండో కాగితం ప్రకారం ఉండొచ్చు. మనిషి అదే, కిడ్నీలు అవే.

ఆడవాళ్ళ విషయంలో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. యాభై ఏళ్ళ మనిషికి క్రియాటినిన్ 1.2 వస్తే చాలా రిపోర్టుల్లో పక్కన అచ్చేసి ఉండే 'నార్మల్' హద్దు లోపలే ఉంటుంది. "ఏమీ లేదమ్మా, బాగానే ఉంది" అని పంపేస్తారు. అదే సూత్రంలో వేస్తే ఆమె వడపోత 55. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే పదార్థం కాబట్టి కండ తక్కువగా ఉన్న ఆడమనిషి రక్తంలో అది మొదటినుంచీ తక్కువే ఉంటుంది. కిడ్నీలు సగానికి సగం దెబ్బతిన్నా అంకె పెద్దగా కనపడదు. గంజి తాగి, ఎండలో పని చేసి బక్కచిక్కిన మనుషులు ఎక్కువగా ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. ఈ సూత్రాలు అమెరికా, యూరప్ జనం మీద తయారయ్యాయి. ఇక్కడి బక్క శరీరాలకు అవి వడపోతను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించే అవకాశం ఉందని కిడ్నీ నిపుణులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు.

రెండు లాబుల మధ్య ఆ 0.3 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1886కి వెళ్ళాలి. ఆ ఏడు మాక్స్ యాఫె అనే జర్మన్ శాస్త్రవేత్త, క్షార ద్రావణంలో పిక్రిక్ యాసిడ్‌తో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుందని గమనించాడు. ఆయన దాన్ని కొలత పద్ధతిగా మార్చలేదు. 1904లో ఓటో ఫోలిన్ ఆ రంగు గాఢతను బట్టి క్రియాటినిన్ ఎంతుందో లెక్కకట్టే పద్ధతి తయారుచేశాడు. ప్రయోగశాలలో చూసిన రంగు ఆసుపత్రి పరీక్ష కావడానికి మొదటి అడుగు పడేసరికే 18 ఏళ్ళు గడిచాయి. నూట ఇరవై ఏళ్ళ తర్వాత నేటికీ చాలా లాబుల్లో వాడుతున్నది ఆ రంగు పద్ధతే. కారణం చవక, అంతే.

చిక్కేమిటంటే పిక్రిక్ యాసిడ్ క్రియాటినిన్‌తో మాత్రమే రంగు ఇవ్వదు. రక్తంలోని ప్రోటీన్లు, గ్లూకోజు, కీటోన్లు, కొన్ని యాంటీబయాటిక్‌లు కూడా కాస్త రంగు తెస్తాయి. కామెర్లున్న రక్తమైతే బిలిరుబిన్ లెక్కను కిందికి లాగేస్తుంది. ఈ అదనపు రంగు వల్ల అంకె 0.2 నుంచి 0.3 దాకా పెరిగి కనపడొచ్చు. పైన చెప్పిన 45 ఏళ్ళ మనిషిని అరవై గీతకు అటూ ఇటూ తోసేది సరిగ్గా ఆ మాత్రం తేడానే. ఎంజైముతో చేసే పద్ధతిలో ఈ గోల చాలావరకు ఉండదు, కానీ ఒక్కో పరీక్షకు ఖర్చు ఎక్కువ.

ఇప్పుడు ఆ రంగు తయారయ్యే చోటికి వెళ్దాం. పీహెచ్‌సీలో ఒక మూల గది, బల్ల మీద సెమీ ఆటో అనలైజర్, పక్కన స్టెబిలైజర్, కిటికీ దగ్గర సెంట్రిఫ్యూజ్. టెక్నీషియన్ రక్తాన్ని తిప్పి, పైన తేలిన పసుపు పచ్చ సీరం నుంచి కొద్ది చుక్కలు పిపెట్‌తో తీసి రీఏజెంట్‌లో, అంటే పిక్రిక్ యాసిడ్ ఉన్న పరీక్ష ద్రావణంలో, కలుపుతాడు. గొట్టాన్ని అటూ ఇటూ ఊపగానే నిమ్మపండు రంగు మెల్లగా నారింజకు తిరుగుతుంది. యంత్రం ఆ రంగును ఇంచుమించు ముప్పై సెకన్ల దగ్గర ఒకసారి, తొంభై సెకన్ల దగ్గర ఒకసారి చదివి మధ్యలో ఎంత పెరిగిందో లెక్కవేస్తుంది. ఆ నిమిషంలో గది వేడి మారినా, యంత్రం లోపలి 37 డిగ్రీలు తప్పినా, వోల్టేజీ పడినా, పిపెట్ నాలుగు మైక్రోలీటర్లు ఎక్కువ పీల్చినా అంకె కదులుతుంది. మే నెలలో సరఫరా బండిలో ఎండకు వేగి వచ్చిన రీఏజెంట్ డబ్బా అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. బయట బెంచీ మీద ముప్పై మంది ఉంటారు, లోపల ఒక్కడే మనిషి. ఆ టెక్నీషియన్ శ్రద్ధను వేలెత్తి చూపించడం అన్యాయం. అతని యంత్రం ఇచ్చే అంకెకూ పలాసలోనో విశాఖలోనో వచ్చే అంకెకూ పొంతన ఉందో లేదో అతనికి తెలిసే దారి ఎవరైనా ఏర్పాటు చేశారా అన్నది అసలు ప్రశ్న.

ఆ దారి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఐసోటోప్ డైల్యూషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే అత్యంత కచ్చితమైన పద్ధతిని గీటురాయిగా పెట్టుకుని, ప్రపంచంలోని క్రియాటినిన్ కిట్లన్నీ దానికి సరిపోలేలా సరిదిద్దుకోవాలన్న ప్రయత్నం ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. మన దేశంలో వెల్లూరు సీఎంసీ క్లినికల్ బయోకెమిస్ట్రీ విభాగం నడిపే బయటి నాణ్యతా పరీక్షల పథకం ఉంది. అందులో చేరిన లాబులకు పొడి రూపంలో ఉన్న శాంపిల్ వస్తుంది, లోపల ఎంతుందో చెప్పరు. లాబు దాన్ని రోగి రక్తం లాగే పరీక్షించి అంకె పంపుతుంది. అదే శాంపిల్‌కు దేశంలోని మిగతా లాబులకు ఎంతొచ్చిందో, తనది ఎంత పక్కకు పోయిందో తిరిగి జవాబు వస్తుంది. సంతలో తూకపురాళ్ళను తనిఖీ చేసి ముద్ర వేసినట్టే ఇదీ.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కొత్త టెక్నాలజీ ఆసుపత్రికి రావడమంటే పెట్టె విప్పి బల్ల మీద పెట్టడమే అనుకుంటాం. కానీ ఒక పరీక్ష నిజంగా వచ్చిందని చెప్పాలంటే ఎవరు చేసినా, ఏ ఊళ్ళో చేసినా ఒకే జవాబు రావాలి, ఆ జవాబు చూసి ఎవరేం చెయ్యాలో ముందే తేలి ఉండాలి. ఈ కొలత ప్రకారం 1904 నాటి పరీక్ష ఉద్దానానికి ఇంకా పూర్తిగా చేరలేదు. అది చేరకుండా తర్వాతి తరం పరీక్షలు వచ్చి పడితే వాటికీ ఇదే గతి పడుతుంది.

పరీక్ష పద్ధతి పూర్తిగా చేరడం ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. అక్కడా రంగే, కాకపోతే నీలం. మామూలు లాబులో దొరికే మందులతో, మామూలు మనిషి చేతుల మీద, మళ్ళీ మళ్ళీ చేసినా అదే జవాబు వచ్చేలా ఆ పద్ధతిని దిద్దారు. అందుకే అది తరాల పాటు ప్రపంచమంతటా లాబుల్లో, మెడికల్ కాలేజీ ప్రాక్టికల్ క్లాసుల్లో నిలిచిపోయింది. కిడ్నీలు చెడిపోయినవాళ్ళ రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది కాబట్టి డయాలసిస్ రోగులకు ఈ పరీక్ష తప్పనిసరి. అదే పద్ధతి చేతిలో ఉండబట్టే వాళ్ళిద్దరూ 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టగలిగారు. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు మిగిలేదే క్రియాటినిన్. కంచిలి సంతలో వినిపించే ఆ అంకె వెనక ఒక తెలుగు శాస్త్రవేత్త పని ఉందన్నమాట.

పరిశోధన ఫలితం రోగికి చేరడానికి సగటున 17 ఏళ్ళు పడుతుందని వైద్యరంగంలో తరచూ ఉదహరించే అంచనా ఒకటుంది. 2000లో ఇద్దరు పరిశోధకులు వేసిన ఆ లెక్కలో ఇంకా బాధాకరమైన సంగతేమిటంటే, మొత్తం పరిశోధనలో అలా చేరేది 14 శాతమే. సగటులు సగటులే. వాటికంటే డయాలసిస్ కథ ఎక్కువ చెబుతుంది. నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ 1943లో మొదటి డయాలసిస్ యంత్రం తయారుచేశాడు. రక్తాన్ని శుభ్రం చెయ్యొచ్చని రుజువైంది. అయినా కిడ్నీలు శాశ్వతంగా పోయినవాళ్ళకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ప్రతిసారీ కొత్త రక్తనాళం కోసి గొట్టం పెట్టాల్సి రావడంతో కొద్ది విడతల్లోనే నాళాలు అయిపోయేవి. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో యూనివర్సిటీ డాక్టరు బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టం తయారుచేశాకే వారం వారం డయాలసిస్ కుదిరింది. 1966లో న్యూయార్క్ డాక్టర్లు చేతిలోని ధమనిని, సిరను కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతిని ప్రకటించారు. ఇవాళ సోంపేటలోనో పలాసలోనో డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి ముంజేతి మీద ఉబ్బి కనిపించే నరం అదే. వేలు ఆనిస్తే జివ్వుమంటుంది, చెవి దగ్గర పెడితే హోరు వినిపిస్తుంది. ఆ హోరు ఆగితే మనిషి పరుగెత్తుకు రావాలి. ఒక గొట్టం కోసం, ఒక కుట్టు కోసం యంత్రం రెండు దశాబ్దాలు ఎదురుచూసింది.

ఫిస్టులా సంగతి క్రియాటినిన్‌తో నేరుగా ముడిపడి ఉంది. కుట్టిన నరం గట్టిపడి సూదికి తట్టుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. జబ్బు ముందే తెలిస్తే ఆ వ్యవధి దొరుకుతుంది. ఆయాసంతో, వాపులతో ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్ళకు మెడ దగ్గర కాథెటర్ పెట్టి డయాలసిస్ మొదలుపెట్టక తప్పదు. దాంట్లోంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి దిగే ప్రమాదం ఫిస్టులా కంటే చాలా ఎక్కువ. పీహెచ్‌సీలో ఆ రంగు సరిగ్గా చదివారా లేదా అన్నది మూడేళ్ళ తర్వాత మెడలో గొట్టం ఉంటుందా చేతిలో ఫిస్టులా ఉంటుందా అన్నదాన్ని నిర్ణయిస్తుంది.

డయాలసిస్ యంత్రం చుట్టూ ఇంకో సంగతి కూడా ఉంది, బయటివాళ్ళకు ఇది తట్టదు. నాలుగు గంటల ఒక విడతకు దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి. యంత్రానికి ఆర్‌ఓ ప్లాంటు, దానికి ఫిల్టర్లు, వాటిని మార్చే మనిషి, నీళ్ళు పరీక్షించే లాబు, ఇవన్నీ కావాలి. కరెంటు సంగతి సరేసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే ఒడ్డు దాటింది. కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ వరసగా నేలకూలాయి, ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కిడ్నీ పనిచెయ్యని మనిషికి రెండు మూడు రోజులకొకసారి డయాలసిస్ జరగాలి, తుపాను పేరు చెప్పి వాయిదా వేసుకునే వీల్లేదు. జనరేటర్‌కు డీజిలు నిల్వ ఎంత, రోడ్డు మూసుకుపోతే రోగుల్ని ఏ కేంద్రానికి తరలిస్తారు అన్నవి కూడా వైద్య టెక్నాలజీలో భాగమే.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం ఊళ్ళకు తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. చికిత్స కోసం దాదాపు రెండు వందల కిలోమీటర్లు దాటి విశాఖ కేజీహెచ్‌కు వెళ్ళాల్సి వచ్చిన జనానికి ఇది చిన్న మార్పు కాదు. పరిశోధన, చికిత్స ఒకే ఆవరణలో ఉండటమైతే ఇంకా పెద్ద సంగతి. ఎందుకో తెలియాలంటే తిరువనంతపురం వైపు చూడాలి.

శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో గుండె శస్త్రచికిత్స నిపుణుడు ఎం.ఎస్. వలియత్తాన్ 1970ల చివర్లో మన దేశానికి మన గుండె కవాటం తయారుచెయ్యాలని పూనుకున్నారు. ఆసుపత్రి, ఇంజినీర్లు పనిచేసే బయోమెడికల్ విభాగం ఒకే సంస్థ కింద ఉన్నాయి. మొదటి నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి, నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరు 6న మొదటిసారి రోగికి అమర్చారు. తర్వాత వేర్వేరు ఆసుపత్రుల్లో రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించాకే టీటీకే సంస్థ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ కవాటాల ధరలో చిన్న భాగానికే దొరికే ఆ చిత్ర కవాటం ఇప్పటికి లక్షమందికి పైగా రోగులకు అమరింది. అక్కడ అన్నిటికంటే విలువైనది ఏ లోహం వాడారన్నది కాదేమో. కవాటం విరిగినప్పుడు సర్జన్ వెళ్ళి ఇంజినీర్‌తో మాట్లాడగలగడం, ఇంజినీర్ "ఇంకో రెండేళ్ళు కావాలి" అంటే సంస్థ ఆగడం, ఈ రెండే దాన్ని నిలబెట్టాయి. శ్రీకాకుళం జిల్లాలో యూనివర్సిటీ ఎచ్చెర్లలో ఉంది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ శ్రీకాకుళంలో ఉంది, రోగులు ఇచ్ఛాపురం దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు తీరం వెంట ఉన్నారు. ఈ మూడింటినీ రోజూ కలిపే పని ఎవరి ఉద్యోగంలోనూ రాసి ఉండకపోతే అది జరగదు.

ఇక కొత్త పరీక్షల సంగతి. ఉద్దానం జబ్బులో ఎక్కువగా దెబ్బతినేది కిడ్నీలోని సన్నటి నాళికలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. కాబట్టి పీహెచ్‌సీలో చేసే మూత్రం స్ట్రిప్ పరీక్ష "నిల్" అని చూపించినా లోపల జబ్బు నడుస్తూ ఉండొచ్చు. నాళికలకు దెబ్బ తగలగానే మూత్రంలో పెరిగే కిమ్-1 అనే ప్రోటీన్ మీద అందుకే ఆశలున్నాయి. దాన్ని వెలుగులోకి తెచ్చిన హార్వర్డ్ కిడ్నీ నిపుణుడు జోసెఫ్ బోన్‌వెంట్రే 2017లో ఉద్దానం సమస్య పరిశీలనకు స్వయంగా వచ్చారు. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కిమ్-1ను జంతువుల మీద మందుల విషప్రభావాన్ని చూసే ప్రయోగాలకు ఆమోదించింది. జంతువులకు ఆమోదం రావడానికీ, కవిటిలో ఒక రోగికి "నీకు ఇంకా మొదటి దశే, ఫలానా పని మానెయ్యి" అని చెప్పగలగడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఎంత పెరిగితే ప్రమాదం, ఎండలో పనిచేసి వచ్చిన సాయంత్రం మామూలుగానే పెరుగుతుందా, పెరిగినవాళ్ళలో ఎంతమందికి ఐదేళ్ళలో నిజంగా కిడ్నీలు చెడుతున్నాయి అన్న జవాబులు ఇక్కడి జనం మీదే, ఏళ్ళ తరబడి తియ్యాలి. అప్పుడు కూడా పక్కన సరిపోల్చుకోవడానికి నమ్మకమైన క్రియాటినిన్ అంకె ఉండి తీరాలి. పాత కొలబద్ద వంకరైతే కొత్తదాన్ని దేనితో సరిచూస్తారు?

ఏళ్ళ తరబడి అంటే ఊళ్ళు సహకరించాలి. ఇక్కడ ఒక గాయం ఉంది, దాన్ని ఒప్పుకోకుండా ముందుకు పోలేం. రెండు దశాబ్దాలుగా ఎందరో వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్ళు, మట్టి, బియ్యం పట్టుకెళ్ళారు. "రక్తం తీసుకెళ్తారు గానీ రిపోర్టు రాదు బాబూ" అన్న మాట ఈ ఊళ్ళలో పదేపదే వినబడుతుంది. పరిశోధకులకు అది శాంపిల్, ఇచ్చినవాళ్ళకు అది తమ రక్తం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు పరిశోధన ఫలం అందులో పాల్గొన్నవాళ్ళకు, వాళ్ళ సమాజానికి అందాలని స్పష్టంగా చెబుతున్నాయి. కనీసం ప్రతి మనిషికీ తన అంకె తన భాషలో, అర్థమయ్యేలా, దాంతో ఏం చెయ్యాలో కలిపి చేరాలి. ఇది మర్యాద ఒక్కటే అనుకోకూడదు. మొదటిసారి రిపోర్టు రాని ఇంటి మనిషి రెండోసారి చెయ్యి చాపడు, అప్పుడు ఐదేళ్ళ అధ్యయనం మొదటి ఏడాదే కుంటుపడుతుంది.

పరీక్షలు ఇలా నత్తనడక నడుస్తుంటే మందులు మాత్రం తొందరగానే వచ్చేశాయి. సుగర్ కోసం పుట్టిన ఎస్‌జీఎల్‌టీ2 రకం మాత్రలు కిడ్నీ చెడిపోయే వేగాన్ని తగ్గిస్తాయని 2020లో డాపాగ్లిఫ్లోజిన్ మీద, 2022లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద జరిగిన పెద్ద అధ్యయనాలు చూపించాయి. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగియగానే చవక రకాలు మందుల షాపుల్లోకి దిగాయి. పదిహేడేళ్ళ లెక్కతో చూస్తే ఇది ఆశ్చర్యపరిచే వేగం. అయితే డాపాగ్లిఫ్లోజిన్ అధ్యయనంలోకి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా పోతున్నవాళ్ళనే తీసుకున్నారు. ఉద్దానం రోగుల్లో చాలామందికి అది అంతగా పోదు. ఎంపాగ్లిఫ్లోజిన్ అధ్యయనంలో మాత్రం వడపోత 20కి, 45కి మధ్య ఉన్నవాళ్ళను అల్బుమిన్‌తో పని లేకుండా చేర్చుకున్నారు. పైగా ఈ మాత్రలు మూత్రంలో చక్కెరతోపాటు నీటినీ బయటికి పంపుతాయి. ఏసీ గదిలో కూర్చునే రోగికి అది పెద్ద లెక్కలోది కాకపోవచ్చు. ఏప్రిల్ ఎండలో ఒళ్ళంతా చెమటతో తోటలో పనిచేసే మనిషికి ఒంట్లో నీరు తగ్గడమే కిడ్నీకి దెబ్బ కావొచ్చన్న అనుమానం ఉన్న చోట, ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలన్నది ఇక్కడే తేల్చాలి. పలాస లాంటి చోట పరిశోధన కేంద్రం చెయ్యదగ్గ పనుల్లో ఇది ముందు వరసలో ఉండాలి. ప్రపంచంలో ఇంకెవరూ ఇక్కడివాళ్ళ కోసం దీన్ని తేల్చిపెట్టరు.

కొనుగోళ్ళ గురించి ఒక మాట. టెండర్లో తక్కువ ధర చూసి తెచ్చిన అనలైజర్ ఒక్కోసారి ఆ కంపెనీ రీఏజెంట్‌తో తప్ప పనిచెయ్యదు. యంత్రం చవగ్గా వస్తుంది, రీఏజెంట్ బడ్జెట్ అయిపోగానే గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. ఐదేళ్ళకు రీఏజెంట్, మరమ్మతు, నాణ్యతా పరీక్ష ఖర్చులన్నీ కలిపి ఒక్క పరీక్షకు ఎంత పడుతుందో చూసి కొంటే చాలావరకు ఈ తంటా ఉండదు. యూనివర్సిటీల్లో తయారయ్యే పరికరాలకు 2017 వైద్య పరికరాల నిబంధనలు ఉన్నాయి, ప్రమాద స్థాయిని బట్టి ఏ నుంచి డీ దాకా నాలుగు తరగతులు. నమూనా బాగా పనిచేసినంత మాత్రాన రోగి మీద వాడకూడదు, అలా ఉండటం మంచిదే. విశాఖలో 2018లో మొదలైన మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలను పరీక్షించే, తయారుచేసే వసతులు ఉన్నాయి కాబట్టి ఉత్తరాంధ్ర విద్యార్థికి దూరాన్ని సాకుగా చూపే అవసరం తగ్గింది.

ఇంతకీ ముందు చెయ్యాల్సింది ఏమిటంటే పెద్ద ఖర్చుతో పని లేనివే ఎక్కువ. ఉద్దానం మండలాల్లో క్రియాటినిన్ చేసే ప్రతి ప్రభుత్వ లాబునూ బయటి నాణ్యతా పథకంలో చేర్చడం మొదటిది. జిల్లాలోని మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ విభాగం దానికి పెద్దన్న పాత్ర తీసుకోవచ్చు. నెలకోసారి లాబుల అంకెలు పక్కపక్కన పెట్టి, ఎవరిది పక్కకు పోతోందో చూసి, తిట్టకుండా, మెమో ఇవ్వకుండా వెళ్ళి సరిచెయ్యాలి. రిపోర్టు మీద క్రియాటినిన్ పక్కనే వయసు, ఆడ మగ తేడా చూసి లెక్కగట్టిన ఈజీఎఫ్‌ఆర్ అచ్చు వెయ్యడానికి చిన్న సాఫ్ట్‌వేర్ చాలు, ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు వారంలో రాసిపెట్టగలరు. అది ఒక్కటి జరిగితే 1.2తో "బాగానే ఉందమ్మా" అని వెనక్కి వెళ్ళే ఆడవాళ్ళు ఆగుతారు. సరిహద్దులో ఉన్న రిపోర్టులకు మాత్రం ఎంజైము పద్ధతిలో రెండోసారి చేస్తే ఖర్చూ పెద్దగా పెరగదు, తప్పూ తగ్గుతుంది. యూనివర్సిటీలు ఇక్కడ ఏ కొత్త పరీక్షను ప్రయత్నించినా, ప్రాజెక్టు ముగిశాక రెండేళ్ళ పాటు రీఏజెంట్ ఎవరు కొంటారో, యంత్రం చెడితే ఎవరు వస్తారో మొదటి రోజే కాగితం మీద పెట్టాలి. ఆ రెండు గళ్ళు ఖాళీగా ఉన్న ప్రతిపాదనకు అనుమతి ఇవ్వకపోవడమే మేలు.

అన్నిటికంటే బలహీనమైన లంకె మూడు నెలల తర్వాత చెయ్యాల్సిన రెండో పరీక్ష. మొదటి అంకె అరవైకి దిగువన వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. జ్వరం వల్ల, వాంతుల వల్ల, నొప్పుల మాత్రల వల్ల కూడా వడపోత తాత్కాలికంగా పడిపోతుంది. "మూడు నెల్లాగి మళ్ళీ రా తాతా" అని టెక్నీషియన్ చెబుతాడు. తాత తలూపి, రిపోర్టును మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతాడు. ఆ మూడు నెలల్లో జీడి పిక్కల ఏరివేత వస్తుంది, ఇంట్లో శుభకార్యం వస్తుంది, నడుం నొప్పికి షాపులో మాత్రలు వస్తాయి. ఆ తారీఖు ఆశా కార్యకర్త ఫోనులో గుర్తుకొచ్చేలా ఉందా, తాత రాకపోతే ఏఎన్‌ఎం ఇంటికి వెళ్ళి రక్తం తీసుకొస్తుందా, తెచ్చిన రక్తాన్ని అదే యంత్రం మీద, అదే పద్ధతిలో చేస్తారా, వచ్చిన అంకె మొదటి అంకె పక్కన చేరి డాక్టరు కళ్ళబడుతుందా. ఉద్దానంలో ఏ కొత్త పరీక్షనైనా ఈ దారినే నడిపించాలి.